నా వెనకాల నేల లేదు

దెయ్యాలంటే నాకు నవ్వు. శ్రీకాకుళంలో ఫోటో స్టూడియో నాది. డార్క్ రూములో తలుపేసుకుని ఏళ్ల తరబడి ఒంటరిగా పనిచేసినవాణ్ణి. అలాంటివి నిజంగా ఉంటే ముందు అక్కడికే వచ్చి ఉండేవి కదా అని అందరితో వాదించేవాణ్ణి.

స్టూడియోలో గుడ్డ మీద గీసిన కొండలూ చందమామా ముందు జనాన్ని నిలబెట్టీ నిలబెట్టీ విసుగెత్తిపోయేది. సెలవు దొరికితే చాలు, కెమెరా మెళ్లో వేసుకుని అసలు కొండల దగ్గరికీ అసలు సముద్రం దగ్గరికీ పోయి, అక్కడ కనబడ్డవాళ్లని ఫోటోలు తీసేవాణ్ణి. అదో పిచ్చి.

అరవైల చివర ఒక కార్తీకంలో మా ఆవిడ సత్యాన్ని కళింగపట్నం తీసుకెళ్లాను. మాకు తొలి కాన్పులో బిడ్డ దక్కలేదు. అప్పటికి ఏడాది దాటింది, మనిషి నవ్వడమే మానేసింది. ఎన్ని వేషాలు వేశానో! ఊళ్లోవాళ్లందరినీ నవ్వించి ఫోటో తీసేవాణ్ణి, నా ఇంట్లో మనిషిని నవ్వించలేకపోయాను. లోపల చచ్చేంత భయంగా ఉండేది.

వంశధార సముద్రంలో కలిసే చోట మబ్బులు బాగా కిందికి దిగి ఉన్నాయి. సత్యాన్ని ఇసకదిబ్బ మీద నిలబెట్టి, నేను నీళ్లలో మడమలు తడిసేదాకా వెనక్కి నడిచాను. అక్కడ ఒడ్డు కోసుకుపోయింది. నా వెనకాల అడుగు దూరంలో నిలువెత్తు లోతు.

నాది పైనుంచి వంగి చూసే కెమెరా. "ఓసారి నవ్వే" అన్నాను. మామూలే, చూపు నేల మీదే.

ఉన్నట్టుండి తలెత్తింది. నా భుజం మీదుగా చూసి ఫక్కున నవ్వింది. చటుక్కున నొక్కేశాను.

"ఏటే, ఎందుకు నవ్వినావు?"

"మీ ఎనకాల ముసలమ్మ అన్నమాట ఇనలేదేటండీ? 'ఒసే, నీ మొగుడు సేప కోసం కొంగ ఒంగినట్టు ఒంగున్నాడే, సూడవే!' అన్నాది."

గిర్రున తిరిగాను. నీళ్లు తప్ప ఏమీ లేవు. "ఇప్పటిదాకా అక్కడే నిలబడినాదండీ" అని తనూ తెల్లబోయింది.

పైన చేపలు ఎండబెడుతున్న ఒకావిణ్ణి అడిగాను. "అక్కడ ఏనుగైనా మునిగిపోతాది బాబూ, నిలబడీదెవులు?" అంది. చేపలు తిరగేస్తూ, "ఎవులో ముసల్దాని మాట నానూ ఇన్నాను. సూస్తే మీరిద్దరే ఉన్నారు" అంది. నాకు మాత్రం అలల చప్పుడు తప్ప ఏమీ వినబడలేదు.

మనసు బాగోలేని మనిషి ఏదో ఊహించుకుందని మీరనొచ్చు. నేనూ అలాగే అనుకుందును. మరి ఆ చేపలావిడ విన్నదేమిటి? ఎవరైతేనేం, ఆ తల్లికి వెయ్యి దండాలు.

తిరుగు బస్సులో సత్యం కిటికీ పక్కన కూర్చుని తనలో తను నవ్వుకుంటూనే ఉంది. శ్రీకాకుళం రాగానే నన్ను మోచేత్తో పొడిచింది.

"కొంగగారూ, దిగండి" అంది.

బస్సులో అందరూ చూస్తున్నారని కూడా లేదు, నాకు ఏడుపొచ్చేసింది.