అల్లుడు ముట్టిన కంప్యూటరు

పోయిన వారం మా ఇంట్లో ఫోను ఛార్జరు ఒకటి ప్లగ్గులో ఉండగానే కాలిపోయింది. కాలిన ప్లాస్టిక్కు, దాని అడుగున ఎండుచేపల బుట్ట తెరిచినట్టు ఒక ఘాటు, ఆ పైన సన్నటి నీలం పొగ. వాసన వంటింట్లోకి వచ్చేలోపే మా ఆయన తల తిప్పి ముందు నావైపు చూశాడు. నేనేమో పప్పుకు తాలింపు వేస్తున్నాను, ఛార్జరుకూ నాకూ నడుమ ఒక గోడ, ఒక డైనింగు టేబులు ఉన్నాయి. అయినా చూశాడు. ఆయన్ను అనాల్సిన పని లేదు. పెళ్లిలో మా వాళ్లు సారె సామానుతోపాటు ఆ కథను కూడా అప్పజెప్పి పంపారు: మా రజిత చిన్నప్పుడు కంప్యూటరు కాల్చింది, కరెంటు సామాను దగ్గరికి జర రానియ్యకండి అని.

ఆ కంప్యూటరును నేను కాల్చలేదు. ఈ వాక్యాన్ని చాలా ఏళ్లుగా చాలామందికి చెబుతూ వచ్చాను. అందరూ మర్యాదగానే విన్నారు.

తొంభైల నడుమ పెద్దపల్లిలో మా ఇంటి ముందు భాగమంతా మా నాన్న, బాపు అనేవాళ్లం, ఆయన ఎరువుల దుకాణం, వెనుక భాగం మేము. ఇంట్లో అడుగుపెట్టిన మనిషికి మొదట యూరియా బస్తాల చెమ్మవాసన, తర్వాత పురుగుమందు డబ్బాల వాసన, ఆ రెండింటినీ తట్టుకొని లోపలిదాకా వస్తే అవ్వ, అంటే మా అమ్మ, వేయించే పల్లీల వాసన తగిలేవి. వానలు వెనకపట్టి, పొలాల గట్ల మీద తంగేడు పసుప్పచ్చగా విరగబూసి, గునుగు తెల్లబడే రోజులు వచ్చాయంటే మా వాకిలి రంగే మారిపోయేది. గునుగుపూల కొసలను రంగునీళ్లలో ముంచి చాటల్లో ఆరబోసేవాళ్లం, ఆ రంగు చేతుల నుంచి పోవడానికి పండుగ దాటేది, బడిలో పంతులమ్మ మా ఆడపిల్లలందరి చేతులూ ఊదారంగులో ఉండటం చూసి చూసి అడగడం మానేసింది. బతుకమ్మ ఆడినన్ని రోజులూ అవ్వ నువ్వులతో ఒకనాడు, పల్లీలతో ఒకనాడు, మక్కపిండితో ఒకనాడు బెల్లం కలిపి సత్తు చేసేది. నేను దొంగతనంగా తిన్నది పోగా మిగిలింది వాడకట్టులోని ఇళ్లకు పంచేది.

ఆ ఇంట్లోకి కంప్యూటరు అక్క కోసం వచ్చింది. అక్క డిగ్రీ అయ్యాక కరీంనగర్‌కు బస్సులో పోయివస్తూ కంప్యూటరు కోర్సు చేసింది. నేర్చుకున్నది మరచిపోకూడదని బాపు ఎవరో వాడి వదిలేసిన పెట్టెను కొని తెచ్చాడు. అది వచ్చాక ఇంట్లో దానికి దొరికిన మర్యాద మాకెవరికీ ఎప్పుడూ దొరకలేదు. ఆ గదిలోకి చెప్పులతో పోవద్దు, తడిచేతులతో పోవద్దు, దగ్గు వస్తే బయటికొచ్చి దగ్గాలి. అవ్వ దానికి నెమళ్లు కుట్టిన ముసుగు వేసింది, శుక్రవారం శుక్రవారం మానిటరుకు బొట్టు పెట్టేది. బాపు చేతులు వెనక్కి కట్టుకొని, పక్కవాళ్ల పొలంలో పంట చూసినట్టు, కొంత మెచ్చుకోలుగా కొంత అనుమానంగా తెరను చూసి వెళ్లిపోయేవాడు. అక్క దాని మీద దుకాణం ఉత్తరాలు కొట్టేది. నేను పక్కన స్టూలు మీద కూర్చొని, అడిగిందీ అడగనిదీ అన్నీ నేర్చుకున్నాను.

ఆ ఎండాకాలం అక్క పెళ్లయి ఉట్నూరు వెళ్లిపోయింది. జీపు మలుపు తిరిగాక నేను ఏడుస్తుంటే బాపు నెత్తి మీద చెయ్యి పెట్టి, "ఏడ్వకు బిడ్డా. గా కంప్యూటర్ ఇగ నీదే" అన్నాడు. వచ్చే సెలవుల్లో అక్క చదివిన కోర్సుకే నన్నూ పంపుతానన్నాడు. నాకు పదకొండేళ్లు. అంతకుముందు ఆ ఇంట్లో నాదంటూ ఉన్నది ఒక పలక, ఒక దువ్వెన. ఆ దువ్వెన కూడా అవ్వ వాడేది.

నాదైన ఆ కంప్యూటరుకు ఒక్కటే జబ్బు. సాయంత్రాలు లేచేది కాదు. పొద్దుగూకే వేళ చుట్టూ ఊళ్లలో పొలాల బావుల కాడ మోటర్లన్నీ ఒక్కసారే నడిచేవి, ఆ దెబ్బకు మా ఇంట్లో బల్బు ఆరిపోబోయే బొగ్గులా ఎర్రగా కనబడేది, దానివైపు తేరిపార చూస్తే తప్ప అది వెలుగుతున్నట్టు తెలిసేది కాదు. స్విచ్చు నొక్కితే పెట్టెలో ఫ్యాను ఒకసారి మూలిగి ఆగిపోయేది, తెర నల్లగానే ఉండేది. దానికి మా వైద్యం మాకుండేది. ముందు ఫ్రిజ్ బంద్, తర్వాత టీవీ బంద్, తర్వాత ఫ్యాన్లు బంద్. వంటింట్లో బల్బు తీసేస్తే అవ్వ గుడ్డిదీపం పెట్టుకొని రొట్టెలు చేసేది. ఇల్లంతా ఉపవాసం ఉండి ఒక్కదానికి తినిపించినట్టు. ఇంత చేశాక ఒక్కోసారి దయతలచి లేచేది, ఒక్కోసారి అదీ లేదు.

ఆ దసరాకు బావ మొదటిసారి పండుగకు వచ్చాడు. బావ ఉట్నూరులో జూనియర్ కాలేజీ లెక్చరరు, చెప్పేది ఫిజిక్సు. ఈ సంగతి గుర్తు పెట్టుకోవాలని మనవి. కొత్త అల్లుడికి మా వైపు జరిగే మర్యాదల గురించి తెలియనివాళ్లకు చెప్పడం కష్టం. ఆయన కూర్చుంటే కుర్చీ మీద దుప్పటి, లేస్తే ముందు ఒకరు వెనుక ఒకరు. ఆయన చారు బాగుందన్నాడని అవ్వ మూడు పూటలూ చారే పెట్టింది. ఆయన తుమ్మితే బాపు కిటికీ మూయడానికి లేచాడు. వేపుడు చేసిన కోడి, గారెలు, గరిజలు, మూలుగ బొక్కలు వేసి వండిన మటను, అన్నీ ముందు ఆయన పళ్లెంలో పడి, అక్కడ చోటు చాలకపోతే మాకు వచ్చేవి.

సద్దుల బతుకమ్మ సాయంత్రం బావ కంప్యూటరు చూద్దామన్నాడు. అది ఎప్పటిలాగే లేవలేదు. ఫ్రిజ్ ఆపాం, టీవీ ఆపాం, బాపు తానే లేచి ఫ్యాను ఆపాడు. అల్లుడి ముందు పరువు పోయినట్టు ఆయన ముఖం చిన్నబోయింది. అప్పుడు బావ బాపు జేబులోని పెన్ను అడిగి తీసుకొని పెట్టె వెనక్కి వంగాడు, టార్చి పట్టింది నేను. వెనుక తీగ దూర్చే చోటు పక్కన చిన్న ఎర్ర స్విచ్చు ఉంది, దాని మీద 230 అని అంకె. బావ పెన్ను మొనతో దాన్ని పక్కకు జరిపాడు, అంకె 115 అయింది. మన దగ్గర కరెంటు ఎట్లాగూ సగమే వస్తోంది కదా, దీన్నీ సగం మీద పెడితే సరిపోతుందని నాకు మాత్రం వినబడేట్టు చెప్పాడు. లేచి నిలబడి, మిగతావాళ్లకు చిన్న టెక్నిక్ అన్నాడు. కంప్యూటరు ఒక్క నొక్కుకు లేచింది. అన్యాయంగా మాట్లాడకూడదు గనక చెబుతున్నాను, ఆలోచన తెలివైనదే. ఆ రాత్రి బాపు వాడకట్టులో కనబడ్డ ప్రతి మనిషినీ పిలిచి, అల్లుడు ఎట్లా బాగుచేసిండో చెప్పాడు.

మర్నాడు దసరా. పండుగపూట బాయికాడికి ఎవరూ పోరు. చుట్టుపక్కల ఊళ్లలో ఒక్క మోటరు నడవలేదు. మా ఇంట్లో బల్బులు ఎన్నడూ లేనంత తెల్లగా, కళ్లు గుచ్చుకునేట్టు వెలిగాయి. అవ్వ పండుగ కరెంటు కూడా పండుగలాగే ఉందని మురిసిపోయింది. దుకాణంలో తూకం వేసే తరాజుకూ, బాపు స్కూటరుకూ, కంప్యూటరుకూ పసుపు కుంకుమ పెట్టారు. బావ కొత్త ధోతిలో వచ్చి కుర్చీలో కూర్చొని, ఏదన్నా ఆట పెట్టమన్నాడు. వెనుక వీధి షహనాజ్ వాళ్లన్న ఇచ్చిన ఆటల ఫ్లాపీ ఒకటి నా దగ్గర ఉంది. అది దూర్చి స్విచ్చు నొక్కాను.

కొబ్బరికాయ కొట్టినట్టు ఒకటే చప్పుడు. పెట్టె వెనుకనుంచి పొగ లేచి, అవ్వ కుట్టిన నెమళ్ల మీదుగా కప్పుదాకా పోయింది.

అందరూ వచ్చేసరికి నా వేలు ఇంకా స్విచ్చు మీదే ఉంది. బావ రెండడుగులు వెనక్కి వేసి, కాసేపు పొగను పరీక్షగా చూసి, "వైరస్" అన్నాడు. ఫ్లాపీలో వచ్చిందన్నాడు. మసి వాసన కొట్టే వైరస్‌ను, పెట్టెలోంచి పొగ తీసే వైరస్‌ను, ఫిజిక్సు చెప్పి జీతం తీసుకునే మనిషి నిండు సభలో ప్రకటించాడు, ఒక్కరూ ఎట్లా అని అడగలేదు. అవ్వ ముందుజాగ్రత్తగా, వైరస్ అంటుతుందేమోనని, ఆ గది పక్కనున్న మంచినీళ్ల బిందెను తీసి దూరంగా పెట్టింది. ఫ్లాపీ పొయ్యిలోకి పోయింది. నేను అవ్వను వంటింటి మూలకు లాగి, ఎర్ర స్విచ్చు సంగతి మొత్తం చెప్పాను. అవ్వ గారెలపిండి అంటిన చేతినే నా నోటికి అడ్డం పెట్టింది. అల్లుని మీద మాట రావద్దు అంది. నిజమా కాదా అన్నది ఆమె అడగలేదు.

పండుగ దాటాక కరీంనగర్ నుంచి మెకానిక్ వచ్చాడు. బావ, అక్క ఇంకా ఉన్నారు. అతను పెట్టె విప్పి, నల్లబడ్డ భాగాన్ని బయటికి తీసి, ఎవరో దీన్ని 115 మీద పెట్టారని, నిండు కరెంటు వచ్చేసరికి పేలిందని, వైరస్ గియిరస్ ఏమీ లేదని తేల్చాడు. నేను ఊపిరి పీల్చుకున్నాను. ఇక నా పని అయిపోయింది, నిజం తనంతట తానే నడుచుకుంటూ వచ్చింది అనుకున్నాను. తల ఎత్తేసరికి గదిలోవాళ్లంతా నావైపే చూస్తున్నారు. దాని వెనుక దూరి కిరికిరి పెట్టేది ఇంకెవరు మరి! బావ మాత్రం సీలింగు ఫ్యాను వైపు చూస్తున్నాడు. అది తిరగడం లేదు.

"నేను వెట్టలే. బావ వెట్టిండు. బాపు పెన్నుతోని."

మెకానిక్ స్క్రూడ్రైవరు ఆపాడు. పెన్ను బాపు జేబులోనే ఉంది. ఆయన చెయ్యి దాని మీదికి పోయి, అక్కడే ఆగడం నేను చూశాను. ఆ సాయంత్రం ఆ పెన్ను ఇచ్చింది ఆయనే. ఆయనకు తెలియదంటే నేను ఇప్పటికీ నమ్మను.

"రజితా, లోపటికి నడువు" అన్నాడు బాపు.

అంతే. గట్టిగా కూడా అనలేదు. కొట్టి ఉంటే ఇంత కోపం ఉండేది కాదేమో.

పెరట్లో బట్టల రాయి మీద కూర్చొని ఉంటే అక్క వచ్చింది. గోరింటాకు చేతులతో నా జడ సవరిస్తూ, తానూ కిటికీలోంచి చూసిందని, ఆయనే జరిపాడని తనకు తెలుసని చెప్పింది. మరి చెప్పవేమే అన్నాను.

"నిన్నయితే ఓ మాటని మర్చిపోతరే, నువ్వు చిన్నదానివి. ఆయన్నంటే ఆయన మర్చిపోడు. నేను ఆ ఇంట్ల బతకాలె గద. నాకోసం ఊకో."

ఊకున్నాను. పదకొండేళ్లకు ఎవరైనా ఊకుంటారు. అక్క లెక్కలో ఒక్కటే తేడా వచ్చింది, ఎవరూ మర్చిపోలేదు. బాగైన కంప్యూటరు దుకాణంలోకి పోయింది, గుమాస్తా తప్ప ఎవరూ ముట్టరాదని బాపు అన్నాడు. వేసవి సెలవులు వచ్చాయి, పోయాయి, కోర్సు మాట ఎవరూ ఎత్తలేదు. ఇంటర్‌లో లెక్కల గ్రూపు కావాలంటే, దీనికీ మిషిన్లకూ పడదని బాపు బైపీసీలో చేర్పించాడు. అట్లా నేను బాటనీ చదివి, బాటనీ చెబుతున్నాను. మొక్కలకు స్విచ్చులుండవు, మా ఇంటి పరువు భద్రం. కథ మాత్రం ఏటేటా పెరిగింది. బారసాలల్లో, పెళ్లిళ్లలో చెప్పగా చెప్పగా పొగ మంటలయింది, మంట కర్టెనుకు అంటుకుంది, చివరికి బావ దూకి నన్ను బయటికి లాగాడు. ఆ గదికి కర్టెను లేదు.

ఇప్పుడా ఎర్ర స్విచ్చు ఏ కంప్యూటరుకూ కనబడదు, ఎంత కరెంటు వస్తే అంతకు అదే సర్దుకుంటుంది. సాయంత్రాలు ఎర్రబడే బల్బు లేదు, గుడ్డిదీపం పెట్టుకొని రొట్టెలు చేసే అవ్వ లేదు, జేబులో పెన్ను పెట్టుకునే బాపు లేడు, ఎరువుల వాసన వేసే ఆ ఇల్లు కూడా ఇప్పుడు బట్టల షోరూము. పోయిన దసరాకు, ఉట్నూరు వదిలి కరీంనగర్‌లో స్థిరపడ్డ అక్క వాళ్లింటికి కొత్త అల్లుడు వచ్చాడు. టీవీ వెనుక ఏదో సవరించబోయి అన్ని తీగలూ పీకేశాడు, బొమ్మ పోయింది. అక్క కూతురు అందరి ముందే, "నువ్వే పీకినవ్, నువ్వే పెట్టు" అంది. ఆ పిల్లాడు నవ్వి, నేల మీద బోర్లా పడుకొని తీగలు పెట్టుకున్నాడు. ఎవరి కాపురమూ కూలలేదు. భోజనాల దగ్గర బావకు పాత కథ చెప్పాలనిపించింది. మా మరదలు గూడ చిన్నప్పుడు గిట్లనే, అని మొదలుపెట్టాడు. మటను గిన్నెతో వస్తున్న అక్క ఆగింది.

"అది జేసింది నువ్వు. రజిత గాదు" అంది.

బావ ముక్క నమలడం ఆపి, ఆలోచించి, "గట్లనా? నాకైతే యాదికి లే" అన్నాడు. అబద్ధం కాదు, నిజంగానే ఆయనకు గుర్తు లేదు. ఇంకింత పులుసు పొయ్యమని పళ్లెం జరిపాడు. అక్క పోసింది. మాటలు వేరే వైపు పోయాయి.

తర్వాత వంటింట్లో గిన్నెలు సర్దుతూ, ఇప్పుడన్నా నీ కడుపు సల్లవడ్డదా అని అడిగింది.

"లే" అన్నాను. "బాపు వినలే గద."