కొలంబో కంటెయినర్, మస్తాన్ ముఠా

2001 జూలైలో నేను గుంటూరులో ఒక మిర్చి ఎగుమతి సంస్థకు షిప్పింగ్ మేనేజరుని. మా సరుకు ఎక్కువగా చెన్నై రేవు నుంచి కొలంబో వెళ్లేది. అక్కడ అంతర్యుద్ధం నడుస్తున్న కాలం అది. ఆ నెలలో కొలంబో విమానాశ్రయంపై తిరుగుబాటుదారులు దాడి చేశారు.

వెంటనే బీమా సంస్థలు కొలంబో రేవుకు వెళ్లే ఓడలపై యుద్ధ ప్రమాదం పేరిట ప్రీమియం పెంచాయి. ఓడల కంపెనీలు ఆ భారాన్ని సర్‌ఛార్జీగా సరుకు మీద వేశాయి. కొన్ని అసలు కొలంబోలో ఆగడమే మానేశాయి. రేవును ఎవరూ దిగ్బంధించలేదు. అయినా ఓడలు రాకపోతే రేవుకు దిగ్బంధించినంత పనే అవుతుంది.

మాకు ఒక అలవాటు ఉండేది. కోల్డ్ స్టోరేజీలో పెట్టని కాయ గలగలలాడుతుంది, తొక్కితే ముక్కలవుతుంది. అందుకని టిక్కీల్లోకి, అంటే మిర్చి బస్తాల్లోకి, తొక్కే ముందు నీళ్లు చల్లి మెత్తబరిచేవాళ్లం. కొలంబో దగ్గరే కాబట్టి ఆ తడి బూజు పట్టేలోపే సరుకు దిగిపోయేది.

మా గోడౌన్లో ఆ పని మస్తాన్ ముఠాది. ముఠా మేస్త్రిగా హమాలీలందరికీ అతనే పెద్ద. ఆ ఉదయం చెన్నై ఏజెంటు ఫోన్ చేశాడు.

"ఓడ ఖాయం కాదండి. సరుకు ఆపుకుంటే మంచిది."

కానీ అప్పటికే లారీలు మాట్లాడేశాను. ఆ మాట ఎవరికీ చెప్పలేదు. మామూలుగానే నీళ్లు చల్లమన్నాను.

"ఎండకి కాయకి మనకంటే ఎక్కువ దాహంగా ఉంది సార్," అని నవ్వుతూ పైపు పట్టాడు మస్తాన్.

కంటెయినర్ చెన్నై ఎండలో ఓడ కోసం వారాల తరబడి నిలబడింది. చివరికి కొలంబోలో తలుపు తీస్తే కాయంతా బూజు. కొన్నవాళ్లు తిరగ్గొట్టారు. ఆలస్యం వల్ల పాడైన సరుకుకు బీమా వర్తించదు.

యజమాని గారు కారణం అడిగారు. "నీళ్లు ఎక్కువ కొట్టినట్టున్నారండి," అన్నాను. మర్నాడే ముఠాను మాన్పించారు. మిర్చి యార్డులో అతనికి 'నీళ్ల మస్తాన్' అని పేరు పడింది. మిగతా గోడౌన్ల వాళ్లూ పని ఇవ్వలేదు.

ఒకసారి బ్రాడీపేటలో ఎదురుపడ్డాడు. "ఏం సార్, కొలంబోలో ఓడలు ఆపింది కూడా నేనేనా?" అన్నాడు. తర్వాత దాచేపల్లి వెళ్లి సిమెంటు బస్తాలు ఎత్తే పనిలో చేరాడు.

నేను రిటైరయ్యే వయసుకు ముందే ఉద్యోగం మానుకున్నాను. యార్డులో ఇప్పటికీ ఈ కథ అతని పేరుతోనే చెబుతారు కాబట్టి రాస్తున్నాను. మస్తాన్ ఎప్పుడూ చల్లినన్ని నీళ్లే చల్లాడు. చల్లమన్నది నేను. ఓడ సంగతి తెలిసి చల్లమన్నాను.

ఓడ కదిలే రోజు తేలనిదే కాయ తడపకూడదని ఆ ఏడాది నేర్చుకున్నాను. రెండోది నేర్చుకోవడానికి ఇంకా చాలా ఏళ్లు పట్టింది. యుద్ధం వల్ల వచ్చిన నష్టానికి గోడౌన్లో ఎవరో ఒకరిని బాధ్యుణ్ని చేస్తారు. అలా కాకుండా ఆపగలిగేది ఓడల సంగతి తెలిసినవాడే. మా సంస్థలో ఆ సంగతి తెలిసింది నాకొక్కడికే.