నోట్లో గట్టిపడుతున్న సిమెంటు

నిరుడు భవానీపూర్‌లో ఒక డెంటల్ క్లినిక్‌లో నా దవడ పన్నుకు పింగాణీ క్యాప్ వేస్తున్నారు. ఒట్టిగా పెట్టి చూస్తే చక్కగా సరిపోయింది. డాక్టరు సిమెంటు కలిపారు.

“సిక్కగా ఉందే, గట్టిగా పట్టేస్తాదిలే,” అంది పక్కనున్న మా అక్క. మేస్త్రీ భార్య కదా!

క్యాప్ నొక్కి, పళ్లు కలపమన్నారు. కలవలేదు. క్యాప్ ఎత్తుగా నిలిచిపోయింది. డాక్టరు మొహం మారిపోయింది.

“గట్టిపడేలోపు తీసెయ్యాలి!” అంటూ లాగారు. కదల్లేదు. దవడే ఊడొస్తుందనిపించింది, అరవడానికి నోరు ఖాళీ లేదు.

“ఏటైనాది దాదా?” అని డాక్టర్ని బెంగాలీ వరసలో అన్నా అని పిలిచి అడుగుతూ అక్క నా చెయ్యి పట్టుకుంది.

టక్‌మంది. పన్ను విరిగిందనుకున్నాను. వచ్చింది క్యాపే! చిక్కటి సిమెంటు లోపల సర్దుకోక దాన్ని పైకెత్తిందట.

పల్చటి సిమెంటుతో మళ్లీ పెట్టారు. కళ్లు మూసుకుని కొరికాను. పళ్లు కలిశాయి.

నా చేతి మీద అక్క గోళ్ల గాట్లు! ధైర్యం చెప్పడానికొచ్చిన మనిషి నాకంటే ఎక్కువ భయపడిందని అప్పుడే తెలిసింది.