నీళ్లు చల్లిన కాయలు

మొన్న శనివారం మనవరాలితో కలిసి సిడ్నీ శివారు టూంగాబీలో మన దేశపు సరుకుల కొట్టుకు వెళ్ళినప్పుడు, ఒలవని వేరుశనగకాయల బస్తా కనిపించి, చేయి ఊరుకోక ఒక కాయ తీసి బొటనవేలితో నొక్కాను. టప్పున విచ్చుకుంది. పేద దేశాలకు చేసే సాయం గురించి యూనివర్సిటీలో చదువుతున్న ఆ పిల్ల, "తాతా, యూ డిడ్ పీనట్స్ ఇన్ ఆఫ్రికా, రైట్? డిడ్ ఇట్ వర్క్?" అంది. "ఇంటికి పోయినాక చెప్తాలేమ్మా" అన్నాను.

నా వయసువాళ్ళకైనా అర్థమవుతుందని ఇది రాస్తున్నాను. మాది అనంతపురం వైపు. విత్తే కాలం వచ్చిందంటే మా అమ్మ పెద్ద రైతుల ఇళ్ళ నుంచి చెనక్కాయల మూటలు తెచ్చి కూలికి ఒలిచేది, పక్కన కూర్చుని నేనూ ఒలిచేవాణ్ణి. వేళ్ళు పుళ్ళు పడకుండా కాయల మీద కాసిని నీళ్లు చల్లేవాళ్ళం, కానీ అది మర్నాడే విత్తే గింజలకు మాత్రమే. నిల్వ ఉంచే కాయలకు బూజు పడుతుందని అమ్మ చుక్క కూడా తగలనిచ్చేది కాదు. సిడ్నీలో ఉద్యోగం వచ్చాక మాత్రం మా నాన్న పెద్ద రైతని, మా పొలంలో కూలీలుండేవారని తోటివాళ్ళతో చెప్పుకున్నాను. ఎవరూ అడగకుండానే చెప్పుకున్నాను.

పేద దేశాలకు సాయం చేసే మా సంస్థ నన్ను ఆఫ్రికాలోని మలావీకి పంపింది. ఆ చిన్న దేశపు వేరుశనగను బయటి దేశాలకు అమ్మించడం మా పని. ఒక ఊళ్ళో ఆడవాళ్ళ సంఘం తమ మొదటి సరుకు సిద్ధం చేస్తోంది. వెళ్ళి చూస్తే అందరూ కాయల మీద నీళ్లు చల్లి ఒలుస్తున్నారు. అమ్మ మాట గుర్తొచ్చింది. కానీ పక్కనే మా ఆస్ట్రేలియా అధికారి ఉన్నాడు, నీకెలా తెలుసని అడుగుతాడేమోనని నోరు మెదపలేదు. ఊరికే నిలబడలేక గుప్పెడు కాయలు ఒలిచాను. సంఘం పెద్దామె నా చేతివంక చూసి ఏదో అంటే, మా వెంట వచ్చిన స్థానిక ఉద్యోగిని నవ్వు ఆపుకుంటూ చెప్పింది: "ఈ అయ్య కూలికి ఒలిచినవాడే, ఆ బొటనవేలు నొక్కే తీరు చూడండి అంటోంది!" అందరూ పకపకా నవ్వారు. నేను ముఖం ముడుచుకుని, మా దేశంలో ఈ పని యంత్రాలు చేస్తాయన్నాను. పెద్దామె నవ్వు ఆపేసింది. అయితే చేత్తో తిప్పేది ఒకటి మాకూ ఇప్పించు, ఈ నీళ్లు చల్లే బాధ తప్పుతుంది అంది. తప్పకుండా మా సంస్థకు రాస్తానని మాటిచ్చాను.

రాయలేదు. మా అధికారి అప్పటికే ఆ సంఘానికి ఇవ్వాల్సింది శిక్షణా తరగతులేనని తేల్చేశాడు. దాన్ని కాదని యంత్రం అడగాలంటే తడి సంగతి చెప్పాలి, దాని వెనకే నా సంగతీ చెప్పాలి. కొన్ని వారాలకు కొనేవాడు బూజు పట్టిందని సరుకంతా తిప్పి పంపాడు, సంఘం చెదిరిపోయింది. తుది నివేదికలో కారణం దగ్గర మహిళల్లో అవగాహన లోపం అని రాసిన చేయి కూడా ఇదే.

ఇంటికొచ్చాక మనవరాలికి అంతా చెప్పాను. "సో... యూ న్యూ?" అంది, తడి సంగతి నీకు ముందే తెలుసా అని. తలూపాను. ముందు ఊరివాళ్ళను అడగాలని ఇప్పుడు ఆ పిల్ల చదువులో మొదటి పాఠంలోనే చెబుతారట. మాకు ఆ పాఠం లేదని తప్పుకోవడానికీ లేదు, పెద్దామె నేను అడగకుండానే చెప్పింది కదా. మర్నాడు మనవరాలు స్నేహితురాలితో ఫోనులో, మా తాతవాళ్ళమ్మ కూలికి కాయలొలిచి ఆయన్ను చదివించిందని ఎంతో గొప్పగా చెబుతుంటే పక్క గదిలోంచి విన్నాను. ఎంత తేలిగ్గా అనేసింది! ఆ మాటే ఆనాడు ఆ ఆడవాళ్ళ మధ్య కూర్చుని నవ్వుతూ నేను ఒప్పుకుని ఉంటే, వాళ్ళ కాయలు పొడిగా ఉండేవి.