బావ టర్బో, అత్త పీట

ఆ రోజుల్లో డిప్లొమా కాగితం కొత్తగా చేతికొచ్చిన కుర్రాళ్ళకి ఒక జబ్బు ఉండేది. ఏ యంత్రం కనబడినా దానికి ఇంకో యంత్రం తగిలించాలని చేతులు దురద పెట్టేవి. (ఇప్పుడు చేతుల దురద పోయి మోకాళ్ళ నొప్పులు వచ్చాయి.) గాజువాకలో లారీ ఇంజన్లు విప్పే ఒక షెడ్డులో ట్రైనీగా చేరి నాకు ఏడాది కూడా కాలేదు. అయినా ఇంట్లో మిక్సీ మూలిగినా, పక్కింటి స్కూటర్ మొరాయించినా "ఇంజనీర్ బాబుని పిలవండి" అనేవారు. పిలిచినందుకే పొంగిపోయేవాణ్ణి, బాగయిందా లేదా అన్నది వేరే సంగతి. ఆ పొంగులోనే మా అక్క మొగుడి ట్రాక్టరుకి టర్బో పెట్టాను. 

భీమిలి ఒడ్డున చిన్న డీజిల్ ట్రాక్టరుతో పడవల్ని నీళ్ళలోంచి ఇసక మీదకి లాగడం బావ పని. ఆ బండి తిరిగితేనే అక్కావాళ్ళ పొయ్యి వెలిగేది. చెక్క పడవలు పోయి పెద్ద ఫైబర్ పడవలు, వాటికి బరువైన ఇంజన్లు వచ్చాక ఆ చిన్న బండికి ఆయాసం మొదలైంది. సగం దూరం లాగి, చక్రాలు ఇసకలో తిప్పుకుంటూ నల్లపొగ వదిలేది. అక్కడి పడవలవాళ్ళకి పెద్ద దిక్కైన సరంగు తాత ఒకరోజు తేల్చి చెప్పేశాడు. "సూడు బాబూ, ఈపాలి నా కొత్త పడవ లాగనేకపోతే తగరపువలస నుంచి పెద్ద బండిని తెప్పించుకుంతాం. ఏటీ అనుకోకు." పెద్ద బండి ఒకసారి వచ్చి కుదురుకుంటే చిన్న బండిని ఇంక ఎవరూ పిలవరని అందరికీ తెలుసు. అక్క ఫోన్ చేసి, "బావ రెండ్రోజులయి అన్నం ముందర కూకుని లెగిసిపోతన్నాడురా" అంది.  వెంటనే, మరో ఆలోచన లేకుండా, "టర్బో పెడదాం" అన్నాను.

టర్బో అంటే పెద్ద విషయమేమీ కాదు. వృథాగా పోయే పొగ ఒక చిన్న చక్రాన్ని తిప్పుతుంది, ఆ చక్రం ఇంజన్లోకి ఎక్కువ గాలి తోస్తుంది, గాలి ఎక్కువైతే డీజిల్ ఎక్కువ కాల్చుకోవచ్చు, బలం పెరుగుతుంది. తుక్కు కొట్లో ఒక పాత కారుది దొరికింది. సంచీలో వేసుకుని భీమిలి బస్సెక్కి, దాన్ని చంటిపిల్లని పట్టుకున్నట్టు ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాను. అక్కకి అత్తగారు చేపలమ్మే మనిషి. పీట వేసుకుని గంప ముందు కూర్చుందంటే తహసీల్దారు కూడా బేరమాడటానికి జంకేవాడు. ఆవిడ టర్బోని చేత్తో తిప్పి చూసి, "ఏట్రా నాయినా, నత్తనాగుంది? నత్తని కట్టుకుంతే బండి జోరుగా పోతాదేటి?" అని నవ్వింది. నేను అరగంట సైన్సు చెప్పాను. ఆవిడ చేపల పొలుసులు గీక్కుంటూ వింది.

అసలు తప్పు మర్నాడు జరిగింది. నేను టర్బోని బోనెట్ కింద, ఎత్తులో బిగిద్దామనుకున్నాను. బావ చూసి అడ్డంగా తలూపాడు. "కిందకి దించు. ఈ పక్కకి, కాలెట్టే సోటికి. ఒడ్డుమీద జనానికి కనబడాల. కనబడకపోతే ఎట్టినట్టు ఎవుడికి తెలుత్తాది?" టర్బో చక్రానికి ఇంజన్ ఆయిలే తడి. ఆ ఆయిల్ తన బరువుతో తానే కిందికి జారి మళ్ళీ ఇంజన్ అడుగుకి చేరాలి. టర్బోనే అడుగుకన్నా కిందికి దించితే ఆయిల్ ఎటు పోతుంది? అక్కడే నిలిచి, సందుల్లోంచి గాలి దారిలోకి కారుతుంది. షెడ్డులో మేస్త్రీ మొదటి వారంలోనే చెప్పిన పాఠం ఇది. నాకు గుర్తుంది. నాలిక చివరిదాకా వచ్చింది కూడా. కానీ మా ఇంట్లో అల్లుడి మాటకి అడ్డు చెప్పిన చరిత్ర లేదు. ఉప్పు కషాయంలాంటి పులుసుని బావ బాగుందంటే మా నాన్న రెండోసారి వడ్డించుకునేవాడు. ఆయనే అలా ఉంటే నేనెంత? "అలాగే బావా" అన్నాను.

అక్కావాళ్ళు చర్చికి వెళ్ళేవాళ్ళు కనక పాస్టరు గారొచ్చి బండి మీద చెయ్యి పెట్టి ప్రార్థన చేశారు. ఎందుకైనా మంచిదని పడవలవాళ్ళు కొబ్బరికాయ కొట్టారు. బావ తాళం తిప్పాడు. నత్త సన్నగా ఈల వేసింది, జనం ఓహో అన్నారు, గొట్టంలోంచి పొగ వచ్చింది. నీలం పొగ. నీలం పొగంటే ఇంజన్ ఆయిల్ తాగుతోందని అర్థం. "రంగు బాగుంది కదరా?" అన్నాడు బావ మురిసిపోతూ. "బాగుంది బావా" అన్నాను. ఆ మధ్యాహ్నం అక్క పెట్టిన చేపల పులుసుని కూడా, రుచి తెలియకుండానే, బాగుందన్నాను.

మర్నాడు పొద్దున్నే సముద్రం పోటుమీద ఉంది. సరంగు తాత కొత్త పడవ ఒడ్డుకి తగిలి అలలకి అటూ ఇటూ పొర్లుతోంది, పదిమంది నడుంలోతు నీళ్ళలో దాన్ని పట్టుకుని ఉన్నారు. బావ మోకు తగిలించి బండి కదిపాడు. ఒప్పుకోవాలి, లాగింది. ఎప్పుడూ ఆగిపోయే చోటు దాటి, పడవ ఇసకమీద గీత గీసుకుంటూ పైకొచ్చేస్తోంది. జనం ఈలలు వేశారు. సరంగు తాత మీసం కింద నవ్వు కూడా చూశాను. అప్పుడు ఇంజన్ గొంతు మారింది. బావ కాలు తీసేసినా చప్పుడు తగ్గలేదు. పెరిగింది. కాలు క్లచ్ మీద వేసి తొక్కితే బరువు తప్పి ఇంకా కేకేసింది. వదిలితే బండి ఎదురుగా వలలు బాగుచేసుకుంటున్న ఆడవాళ్ళ మీదకి పోతుంది. "ఆపు బావా, ఆపు!" అని అరిచాను. బావ డీజిల్ ఆపే స్టాప్ వైరు లాగాడు. వైరు పిడి ఊడి చేతికొచ్చింది గానీ బండి ఆగలేదు. ఆగదు. అది అప్పటికే డీజిల్ మానేసి, నత్త పోసిన సొంత ఆయిలే తాగుతోంది. నీలం పొగలో బావ మొహం కనబడటం లేదు, ఆయన గొంతు మాత్రం వినిపిస్తోంది. "దేవా, దేవా, ఒరే బామ్మర్దీ, దేవా!"

బావకేమైనా అయితే అక్కకి ఏం చెప్పాలి? ఆ ఒక్క ప్రశ్నే బుర్రలో తిరుగుతోంది. పరిగెత్తి నా టోపీని నత్త గాలి పీల్చే నోటికి అడ్డం పెట్టాను. చేతిలోంచి లాక్కుని మింగేసింది. (వేళ్ళు పోలేదు. అది మాత్రం పాస్టరు గారి ప్రార్థన ఫలమే.) "గాలి ఆపాల! దాని నోరు మూయాల!" అని అరవడం తప్ప నా డిప్లొమా ఇంకేమీ చెయ్యలేదు. అప్పుడు పొగలోంచి, ఒడ్డున గంప పెట్టుకుని చేపలమ్ముతున్న అత్త వచ్చింది. కింద కూర్చునే పీట ఎత్తిపట్టి, చీర కుచ్చిళ్ళు బొడ్లో దోపుకుని, "తప్పుకో ఎదవా!" అని నన్ను భుజంతో తోసి, ఆ పీటని నత్త నోటికి ఫట్‌మని అంటించి ఒళ్ళంతా దానిమీద ఆనించింది. ఇంజన్ ఒకసారి దగ్గింది. ఇంకోసారి వణికింది. ఆగిపోయింది. ఒడ్డు మీద అలల చప్పుడు తప్ప ఏమీ లేదు. అత్త పీట తీసి చేప పొలుసులు దులిపి, "పొయ్యి నోరు మూత్తే మంట ఆరదేటి? దీనికి అరగంట సదువా?" అంది.

మిగిలిన దూరం పడవని అందరం చేతుల్తో లాగాం, నేను ఏడుస్తూ లాగాను. సాయంత్రం బావ ఇసకలో కూర్చుని, ఊడిన పిడిని చేతిలో తిప్పుకుంటూ అడిగాడు.

"ఇలగవుతాదని నీకు ముందే తెల్సా?"

"తెల్సు బావా. కిందెడితే ఆయిలు ఎనక్కి పోదు."

"మరి సెప్పనేదేటి?"

"నువ్వు బావవి కదా."

తిడతాడనుకున్నాను. ఆయన పిడిని ఇసకలో గుచ్చి, "ఆ నత్త పక్కనే ఉంది నా కాలురా" అన్నాడు, అంతే. తిట్టి ఉంటే ఎప్పుడో మర్చిపోయేవాణ్ణి. ఇంజన్ విప్పి బాగుచేయడానికి నాకు వరసగా ఏడు ఆదివారాలు పట్టింది. ఆ ఏడు వారాలూ పెద్ద బండిని పిలవకుండా తన మనుషుల చేత మోకులు పట్టించింది సరంగు తాతే. "బండి మంచిదే, బామ్మర్దే ఎక్కువైపోనాడు" అనేవాడు.

మొన్న బావ కొత్త ట్రాక్టరు కొన్నాడు. కంపెనీయే టర్బో పెట్టి ఇచ్చింది. చూడ్డానికి రమ్మంటే వెళ్ళాను. అత్త ఇప్పుడు లేదు గానీ ఆవిడ పీట అరుగు మీద ఉంది, మధ్యలో గుండ్రంగా పడ్డ గాటుతో సహా. జుట్టంతా తెల్లబడ్డ బావ బోనెట్ ఎత్తి, లోపలెక్కడో ఉన్న నత్తని చూపించి నిట్టూర్చాడు. "ఇలగ దాసేత్తే ఎవుడికి తెలుత్తాదిరా? ఈ రేకుకి చిన్న కిటికీ కోసి, దీన్ని కూసింత ముందుకి జరిపితే?" నేను తల దువ్వుకున్నాను. (ఎంతో లేదులెండి దువ్వడానికి.) ఊపిరి పీల్చుకుని, "వద్దు బావా" అన్నాను.

బావ బోనెట్ దించి నాకేసి తేరిపార చూశాడు. "ఆ మాట అనడానికి ఇన్నేళ్ళు పట్టిందేట్రా నీకు?" అని, ఆ రోజు నత్త పక్కనున్నా ఏమీ కాని తన కుడికాలితో నా కాలిమీద మెల్లిగా తన్నాడు.