కుప్పం క్యాంపులో మా అత్త

మా పిల్లలతో ఆడుతున్న పాప ఆట ఆపి, చెంప నేలబండకు ఆనించి బోర్లా పడుకుంది. చూస్తూనే లేచి దగ్గరికి పోయాను. ఇద్దరు పిల్లల తల్లిని. పరుగులు పెట్టే రెండేళ్ల బిడ్డ చల్లని బండను ఎందుకు వెతుక్కుంటుందో నాకు తెలుసు. ఎత్తుకుంటే ఒళ్లు కాలిపోతోంది.

మేమున్నది కుప్పం దగ్గర మామిడితోటలో ఒక ఇంట్లో. మర్నాడు పదకొండు గంటలకు మదనపల్లె పక్కనున్న మా మండల పరిషత్ అధ్యక్ష పదవికి ఎన్నిక. మా అత్త పోటీలో ఉంది. అవతలి వర్గం లాక్కుపోకుండా మా వైపు సభ్యులందరినీ నాలుగు రోజుల ముందే ఇక్కడికి తెచ్చి దాచారు. క్యాంపు అంటారు దీన్ని. సభ్యుల ఫోన్లన్నీ ఒక బియ్యం డబ్బాలో పెట్టి తాళం వేశారు. మాకున్నది ఒక్క ఓటు ఆధిక్యం. ఆ పాప తల్లి మా సభ్యురాలే. ఆమె అటు చేయెత్తితే అత్త ఓడిపోయినట్టే.

క్యాంపు బాధ్యత అత్త తమ్ముడిది. పాపను తానే ఆస్పత్రికి తీసుకుపోతానన్నాడు.

"ఆమె మాత్రం ఈడే ఉండనీ అక్కా. ఆపక్కోళ్లు ఆస్పత్రి గేటుకాడే కాసుకోనుంటారు."

"తల్లి లేకుండా బిడ్డ సూది ఏయించుకుంటాదేమిరా? నీకు ఏయించమంటావా?" అంది అత్త.

ఆడవాళ్లు పక్కున నవ్వారు. ఆయన ముఖం మాడ్చుకున్నాడు. అత్త డబ్బా తెరిపించి పాప తల్లి ఫోన్ ఆమె చేతికిచ్చింది. తన కారు పిలిపించింది.

"పాపకు తగ్గినాక మళ్లా ఈడికి రావద్దు. పుంగనూర్లో మీ అమ్మకాడికి పో."

"అక్కా, రేపు ఓటు..."

"ఓటు సంగతి నేనేమైనా అడిగినానా? ఎక్కు ముందు."

నేను అత్తను వంటింట్లోకి పిలిచి, ఆమెకు తోడుగా నేను పోతానన్నాను.

"తోడుకైతే పో అమ్మా. కాపలాకైతే ఈడే ఉండు."

నేను అక్కడే ఉండిపోయాను. ఈ మాట రాయడానికి ఇప్పటికీ సిగ్గుగా ఉంది. పిల్లలు పడుకున్నాక కాబట్టి రాయగలుగుతున్నాను. పాప ఒంటి వేడి నా చేతులను వదలనే లేదు, అయినా మనసులో ఓట్లు లెక్కపెట్టుకుంటున్నాను.

అత్త ఒకప్పుడు మదనపల్లె టమాటా మార్కెట్లో కాయలు ఏరే కూలీ. మా ఆయన పసివాడుగా ఉన్నప్పుడు జ్వరమొస్తే, లోడు ఎత్తేదాకా ఆమెను ఇంటికి పోనివ్వలేదట మేస్త్రీ. మర్నాడు ఆడకూలీలందరినీ కూర్చోబెట్టి ఆమె మొదటిసారి మాట్లాడింది. వారం తిరక్కుండా ఆ మేస్త్రీని మార్చేశారు. తర్వాత పొదుపు సంఘం లీడరు, వార్డు మెంబరు, సర్పంచి. ఆడ సర్పంచిల మొగుళ్ల అలవాటు ప్రకారం ఆ కుర్చీలో మామ కూర్చోబోతే, "నీకు ఇంట్లో మంచముండాది కదా" అని లేపేసిందని ఊరంతా ఇప్పటికీ చెప్పుకుంటుంది.

ఆ రాత్రి ఆస్పత్రిలో ఉన్న పాప తల్లికి అత్త ఒక్కసారే ఫోన్ చేసింది. "బిడ్డ పాలు తాగిందా?" అని మాత్రం అడిగి పెట్టేసింది.

మర్నాడు మండలాఫీసు కిటికీ దగ్గర నిలబడ్డాను. లోపల ఒక కుర్చీ ఖాళీ. పదకొండు కావస్తోంది. అత్త తమ్ముడు నా పక్కకొచ్చి, "అయిపాయ" అన్నాడు.

అంతలో గేటు దగ్గర ఆటో ఆగింది. పాప తల్లి ఒక్కతే దిగి పరుగెత్తుకొచ్చింది. నిన్నటి చీర, దువ్వని తల, భుజం మీద గులాబీరంగు సిరప్ మరక. కూర్చోకుండానే, అధికారి అభ్యర్థి పేరు చదవకముందే చేయెత్తేసింది.

"ఇంకా పేరే చదవలేదమ్మా, దించండి" అన్నాడాయన.

"యాల దించేది సార్? మీరు సదువుకోండి."

అవతలి వర్గం వాళ్లు కూడా నవ్వేశారు. ఒక్క ఓటుతో అత్త గెలిచింది. బయట పలకలు మోగాయి, టపాకాయలు పేలాయి. మెడనిండా దండలతో వచ్చిన అత్త తమ్ముణ్ణి వెతికి పట్టుకుంది.

"ఏమిరా, కాసుకోనుండేటోళ్లు యాడ?"

ఆయన నవ్వుతూనే కళ్లు తుడుచుకున్నాడు. నేనూ అంతే. ఇంత గెలుపును ఇంత దగ్గరగా నేనెప్పుడూ చూడలేదు.

ఊరేగింపు ముగించి ఇల్లు చేరేసరికి, ఎన్నికకు పోతూ పక్కింట్లో వదిలిన పిల్లలు నిద్రపోయారు. పొద్దున లేస్తూనే పెద్దది "అవ్వ గెలిచిందా?" అంది. చిన్నది "పాప యాడ?" అంది.

"పాపకు జొరం తగ్గింది. అవ్వ గెలిచింది" అని చెప్పాను. "తొందరగా జడలేయించుకోండి, పుంగనూరు పోయి పాపను సూసొద్దాం."