ట్యాంకర్ వెనక చుక్కలు

కోరుట్లలో ఎవరింట్లో లెట్రిన్ ట్యాంకు నిండినా కబురు వచ్చేది ఫజలుద్దీన్‌కే. ఇరవై ఏళ్లుగా ఊరి మురికిని ట్యాంకర్‌లోకి లాగి, ఊరవతల బీడులో పారబోస్తున్నాడు. ఆ కంపు అతని ముక్కుకు ఏనాడో అలవాటైపోయింది. అలవాటు కానిది తర్వాత జరిగేదే. పారబోసిన చోట రెండేళ్లు తిరగకముందే ఎర్రమట్టి పరిచేవాళ్లు, రంగుల బోర్డు పాతేవాళ్లు. ఒకచోట సూర్యనగర్, ఇంకోచోట చంద్రనగర్, ఆ తర్వాత ధ్రువనగర్. ఆ బోర్డులు చూస్తే అతనికి ఒళ్లు మండిపోయేది.

ఇవాళ ధ్రువనగర్‌లో కట్టిన మొదటి ఇంటికే ట్యాంకు ఖాళీ చేయడానికి పోయాడు. ప్లాట్లు అమ్మే సంపత్ అక్కడే ఉన్నాడు.

"ఊరి పీతి మీద చుక్కల పేర్లు ఎట్ల పెడ్తరు సేటూ? థూ!" అంటూ ఫజలుద్దీన్ పైపు విసిరికొట్టాడు.

సంపత్ నవ్వాడు. "నువ్వు పారబోసిన జాగ ఎవ్వడు కొనడు భాయ్, గందుకే మాకు సస్తాగ దొరుకుతది. మొగులు మీది పేరు పెడితే ఇగ ఎవ్వడు కింద చూడడు. గీసారి ఏడ పారబోస్తున్నవో జెర చెప్పు. అరుంధతి పేరు నీకోసమే ఆపిపెట్టిన."

ఇరవై ఏళ్లలో మొదటిసారి ఫజలుద్దీన్ ముక్కు మూసుకున్నాడు.